తోకచుక్క పుట్టిన ఊరు

ఇంగ్లండు నుంచి తిరిగొచ్చి నాలుగు రోజులైంది. పెట్టెలో తెచ్చిన కెండల్ మింట్ కేకుల్లో ఒకదానికి చీమలు పట్టాయి, రెండోది ఫ్రిజ్‌లో ఉంది. మరిచిపోకముందే రాసేద్దామని కూర్చున్నాను.

ఈ తిరుగుడంతా మా బాబాయి కోసం. ఆయనకి డెబ్భై రెండు. 1971లో మా నాన్న సెకండ్‌హ్యాండ్‌లో లేలాండ్ కామెట్ లారీ కొంటే, దానికి క్లీనరుగా ఎక్కాడు. నాలుగేళ్లకి స్టీరింగు చేతికొచ్చింది. మోకాళ్లు మొరాయించేదాకా దిగలేదు. గుంటూరు మిర్చి మద్రాసుకి, తిరుగు ప్రయాణంలో ఏది దొరికితే అది బెజవాడకి. ఆ బండి కట్టింది మద్రాసు పక్కన ఎన్నూరులో. అశోక్ మోటార్స్ అని 1948లో మొదలైన కంపెనీ, ఇంగ్లండు లేలాండ్‌తో ఒప్పందం కుదిరాక 1955లో అశోక్ లేలాండ్ అయింది. ఈ సంగతులు నేను పుస్తకాల్లో చదివినవి. బాబాయికి తెలిసిన లేలాండ్ ఇంజను, గేరు రాడ్డు, ఎడమ కాలికి తగిలే సెగ.

బాబాయి కొడుకు, అంటే మా తమ్ముడు, ప్రెస్టన్‌లో ఉంటాడు. వాళ్లింటికొచ్చి నెల తిరిగాక ఓ రోజు బాబాయి రోడ్డు పక్కన బోర్డు చూసి అడిగాడట: "ఒరేయ్, ఇక్కడ కూడా లేలాండ్ షోరూం ఉందా?" షోరూం కాదు నాన్నా, ఊరు, అన్నాడు తమ్ముడు. ఆ రాత్రే నాకు ఫోను. "అబ్బాయ్, లేలాండ్ అంటే ఊరి పేరంట్రా! నువ్వెప్పుడొస్తావ్?" వేసవి సెలవులు కదా, బయల్దేరాను.

మే 19, ఆదివారం: లేలాండ్

ప్రెస్టన్ నుంచి ఆరు మైళ్లు. ఎర్ర ఇటుక ఇళ్లు, చర్చి, కూరగాయల కొట్టు, మూసేసిన పబ్బు ఒకటి. బాబాయి కారు కిటికీలోంచి చూసి నిరాశ పడ్డాడు. "ఆటోనగర్‌లా ఉంటుందనుకున్నానే" అన్నాడు. ఫ్యాక్టరీ చప్పుడు ఏమీ లేదు. ఊరి చివర ఫ్యారింగ్టన్ వైపున్న ప్లాంటులో ఇప్పటికీ లారీలు తయారవుతున్నాయి గానీ, వాటి మీద ఉండే పేరు డాఫ్.

కింగ్ స్ట్రీట్‌లో పాత లేలాండ్ షెడ్డులోనే బ్రిటిష్ కమర్షియల్ వెహికల్ మ్యూజియం పెట్టారు. తలుపు తీయగానే డీజిలూ, పాత తోలు సీట్లూ, నేల తుడిచిన ఫినాయిలూ కలిసిన వాసన. బాబాయి ఒక్క క్షణం ఆగి ముక్కుతో గట్టిగా పీల్చాడు. నాకు మా వీధి అరుగు గుర్తొచ్చింది. నాన్న ట్రిప్పు నుంచి వచ్చి చొక్కా విప్పి వేసేది ఆ అరుగు మీదే.

చూపించడానికి వచ్చిన పెద్దాయన ఫ్యాక్టరీలో రిటైరైన మనిషి. లాంకషైర్ యాసలో ఆయన చెప్పింది నాకు సగమే అర్థమైంది. ఇంగ్లీషు రాని బాబాయికి మాత్రం పూర్తిగా అర్థమైంది. ఆయన చెయ్యి గేరు రాడ్డు పట్టుకున్నట్టు తిప్పగానే బాబాయి కాలితో రెండుసార్లు నేల నొక్కాడు. డబుల్ క్లచ్. ఇద్దరూ నవ్వుకున్నారు. ఆ గంటసేపు దుబాసీగా నాకు పని పడలేదు.

నాకు అర్థమైన సగం ఇది. జేమ్స్ సమ్నర్ అనే ఊరి కమ్మరి ఇంటి మనిషి ఆవిరితో నడిచే గడ్డికోత యంత్రం చేశాడు. తర్వాత స్పరియర్ కుటుంబంతో కలిసి 1896లో లాంకషైర్ స్టీమ్ మోటార్ కంపెనీ పెట్టి, టన్నున్నర మోసే ఆవిరి బండి చేశాడు. 1907లో దాని పేరు లేలాండ్ మోటార్స్ అయింది. గడ్డి కోసే మిషను నుంచి మా నాన్న లారీ దాకా వచ్చిందన్నమాట వంశం.

పోప్ రెండో జాన్‌పాల్ 1982లో బ్రిటన్ వచ్చినప్పుడు లారీ చాసిస్ మీద కట్టిన అద్దాల బండి కూడా అక్కడుంది. జనమంతా దాని చుట్టూ. బాబాయి ఓసారి చూసి "స్వామివారి రథం" అని దణ్ణం పెట్టి, పక్కనున్న పాత లారీ కింద కమాను పట్టీలు లెక్కపెట్టడానికి వంగాడు. మోకాళ్ల సంగతి అప్పుడు గుర్తుకు రాలేదు. లేవడానికి ఇద్దరం పట్టాల్సి వచ్చింది.

లేలాండ్ వాళ్లు బండ్లకి జంతువుల పేర్లు పెట్టేవాళ్లు. బస్సులకి లయన్, టైగర్, లెపర్డ్. లారీలకి బీవర్, హిప్పో, బఫెలో, బైసన్. ఎనిమిది చక్రాలది గనక ఆక్టోపస్. ఈ అలవాటు సముద్రం దాటి ఎన్నూరుకీ వచ్చింది. మన రోడ్ల మీద బీవర్లు తిరిగాయి, హిప్పోలు తిరిగాయి. "బీవరంటే ఏంట్రా?" అని ఇన్నేళ్లకి అడిగాడు బాబాయి. నీళ్లలో కట్టెలు కొరికి ఆనకట్ట కట్టే జంతువని చెప్పాను. "మరి కామెట్?"

తోకచుక్క, బాబాయ్.

ఆయన మొహం మారిపోయింది. "తోకచుక్కా? అరిష్టం కదరా! మీ నాన్నకి తెలుసా?" నాన్నకి తెలిసే అవకాశం లేదు. ఇంటికి బండి వచ్చిన రోజు అమ్మ గుమ్మడికాయ దిష్టి తీసి, నిమ్మకాయలు తొక్కించి, ముందు బంపరుకి వేపమండలు కట్టింది. పేరుకి అర్థం ఎవరైనా చెప్పి ఉంటే ఆ బండిని గుమ్మం ముందు నిలబెట్టనిచ్చేది కాదు.

మే 21, మంగళవారం: షాప్ కొండ

ఊరి పేరు షాప్. ఏం కొట్టు అనకండి, పేరే అది. ఇంగ్లండు నుంచి స్కాట్లండు పోయే పాత ఏ6 రోడ్డు కెండల్ దాటాక ఈ కొండెక్కి దిగేది. దాదాపు 1,400 అడుగుల ఎత్తు. ఆ కాలం లారీ డ్రైవర్లని అడిగితే ముందు చెప్పేది ఈ కొండ పేరేనని మ్యూజియం పెద్దాయన అన్నాడు. మన వాళ్లకి శ్రీశైలం ఘాటు ఎలాగో అలాగ. 1970లో ఎం6 మోటారువే వచ్చి లారీలన్నీ అటు మళ్లిపోయాయి.

కెండల్లో దిగి పాత రోడ్డెక్కాలని నా ప్లాను. మాటల్లో పడి 36వ ఎగ్జిట్ దాటేశాను. మోటారువే మీద ఒకసారి దాటిందంటే అంతే, వెనక్కి తిప్పే వీల్లేదు. కొండల మధ్య మెత్తగా పాకుతూ పోయాం, కారు ఐదో గేరు దిగలేదు. టీబే సర్వీసెస్ అనే దారిపక్క మజిలీలో ఆగాం. రైతు కుటుంబం 1972లో పెట్టిన చోటట, లోపల పల్లెటూరి వెన్న, జున్ను, మాంసం అమ్ముతారు. టీలు రెండు, ఉల్లిపాయ జున్ను రొట్టె ఒకటి: 12 పౌండ్ల పైమాట, అంటే మన పదమూడు వందలు. బాబాయి బిల్లు రెండుసార్లు చదివి మడిచి జేబులో పెట్టుకున్నాడు, పిన్నికి చూపించడానికి.

"ఇంతకీ ఘాటు ఎక్కడ్రా?" అన్నాడు.

ఎక్కేశాం బాబాయ్.

"ఎప్పుడు?"

అదే మరి. 39వ ఎగ్జిట్లో దిగి షాప్ ఊళ్లోకొచ్చి, అక్కడి నుంచి దక్షిణంగా, అంటే తలకిందులుగా, పాత రోడ్డు పట్టాం. ఊరు దాటగానే గాలి కారుని పక్కకి నెట్టడం మొదలెట్టింది. చెట్టూ చేమా లేదు. గడ్డి, రాళ్లు, గొర్రెలు. మే నెలలో కూడా వేళ్లు కొంకర్లు పోయే చలి. పైన రోడ్డు పక్కన బండ్లు ఆపుకునే లేబై ఒకటి, అందులో రాతి స్మారకం. ఈ కష్టమైన పాత దారిలో ఉత్తరానికీ దక్షిణానికీ మధ్య రాకపోకలు నడిపిన డ్రైవర్లకీ, సిబ్బందికీ, రోడ్డు వేసి కాపాడిన వాళ్లకీ, మంచులో చిక్కుకున్న వాళ్లకి తిండీ నీడా ఇచ్చిన చుట్టుపక్కల జనానికీ గుర్తుగా పెట్టింది. నేను తెలుగులో చదివి చెప్పాను.

"డ్రైవర్లని ఉందా, ఇంకేమైనా ఉందా?"

డ్రైవర్లూ, సిబ్బందీ అని ఉంది. సిబ్బంది అంటే క్లీనర్లే కదా. ఇక్కడ 'మేట్' అనేవాళ్లు. లారీ వెనక ట్రైలరు తగిలిస్తే తోడుగా ఒక మనిషి ఉండాలని చట్టమే ఉండేది.

బాబాయి దగ్గరికెళ్లి "ఏదీ, ఆ మాట ఎక్కడుందో చూపించు" అన్నాడు. వేలు పెట్టి చూపించాను. తన వేలు కూడా అక్కడ పెట్టి కాసేపు ఉంచాడు. తర్వాత కారులోకొచ్చి హీటరు పెంచమన్నాడు.

మరదలు కట్టిచ్చిన పెరుగన్నం అక్కడే తిన్నాం. కుక్కతో నడిచొచ్చిన ఒకావిడ, మాకంటే పెద్దది, మా ఆవకాయ సీసా చూసి ఆగింది. వాళ్లది ఇక్కడి పొలమే. 1963 చలికాలంలో తను చిన్నపిల్లట. మంచులో లారీలు ఆగిపోతే వాళ్లమ్మ బంగాళాదుంప సూపు బకెట్టుతో పంపేదని, డ్రైవర్లు వంటింటి నేల మీద పడుకునేవాళ్లని చెప్పింది. "ఒకాయన మూడు రోజులుండి, పోతూ పోతూ మా అమ్మకి ఒక పెట్టె నారింజపళ్లు ఇచ్చాడు. లోడులోవే అయ్యుంటాయి" అని కన్ను గీటింది. బాబాయికి చెప్తే పడీ పడీ నవ్వాడు. నెల్లూరు దగ్గర వరదలో ఆగినప్పుడు వీళ్లు కూడా లోడులోంచే బస్తా విప్పారట. ఏ సంవత్సరమో, ఎవరి సరుకో ఆయన చెప్పలేదు, నేనూ అడగలేదు.

దిగేటప్పుడు హక్స్ బ్రో అనే మలుపు దగ్గర వాలు చూశాక నమ్మకం కుదిరింది. "ఇది ఘాటు" అన్నాడు. 1957 దాకా పెద్ద లారీలకి దేశమంతా గంటకి 20 మైళ్లే పరిమితి. హీటరు లేదు, పవర్ స్టీరింగు లేదు. ఇంజను బానెట్ మీద కోట్లు, గోతాలు కప్పుకుని వెచ్చదనం తెచ్చుకునేవాళ్లట. మన వాళ్లు సెగ తగలకుండా అదే బానెట్ మీద తడి గోతాలు పరిచేవాళ్లు. కిందికి వచ్చాక కెండల్ వైపు జంగిల్ కేఫ్ అని డ్రైవర్ల హోటలు ఉండేది. ఇప్పుడు కేఫ్ లేదు. కెండల్లో బ్రూవరీ ఆర్ట్స్ సెంటర్ తోటలో లేలాండ్ గడియారం ఉంది. కంపెనీ పేరుతో ఒకప్పుడు షాప్ రోడ్డు పక్కన నిలబడిన స్తంభం గడియారమిది. ఎదురుగా బెంచీ మీద కూర్చుని మింట్ కేకు విరిచి తిన్నాం. 1953లో ఎవరెస్టు ఎక్కినవాళ్లు పట్టుకెళ్లిన మిఠాయి అని ఊరంతా గొప్ప చెప్పుకుంటారు. మాకు మాత్రం గట్టి పిప్పరమెంటు బిళ్లే. ఊళ్లో పార్కింగు మెషీను ఒకటి మూడు పౌండ్లు మింగి టికెట్టు ఇవ్వలేదు. దాన్ని బాబాయి తిట్టిన తిట్లు ఇక్కడ రాయను.

మే 23, గురువారం: శాండ్‌బాచ్

చెషైర్‌లో ఉంది ఈ ఊరు, లాంకషైర్‌కి దక్షిణాన. గురువారం సంత. గుండ్రాళ్లు పరిచిన సెంటర్లో వెయ్యేళ్లు దాటిన రాతి శిలువలు రెండు, వాటి నీడలో చీజు అమ్మేవాళ్లు, చెప్పులమ్మేవాళ్లు. బాబాయి పౌండు పెట్టి గుప్పెడు స్ట్రాబెర్రీలు కొని, ఉప్పు కారం అడిగాడు. కొట్టావిడ భయంగా చూసింది.

ఈ ఊళ్లో రెండు లారీ కంపెనీలు, రెండూ ఒకే ఇంటివి. ఫోడెన్ వాళ్లది ఆవిరి లారీల్లో పెద్ద పేరు. కాలం డీజిలుదని ఎడ్విన్ రిచర్డ్ ఫోడెన్ అంటే కంపెనీలో మిగతావాళ్లు వినలేదు. 1933లో బయటికొచ్చి తన పేరులోని పొడి అక్షరాలతో ఈఆర్ఎఫ్ పెట్టాడు, గార్డ్‌నర్ డీజిల్ ఇంజన్లతో. అప్పటికాయన వయసు 63. అందుకే మొదటి లారీ చాసిస్ నంబరు 63 అట. అన్నదమ్ముల వాటాల్లో విడిపోయి, వీధికి అటొకటి ఇటొకటి కొట్లు పెట్టుకోవడం మన ఊళ్లలో చూడనిదా? బాబాయి ఈ కథ రెండుసార్లు చెప్పించుకున్నాడు. ఇప్పుడు రెండు పేర్లూ లేవు. ఫోడెన్ 2006లో, ఈఆర్ఎఫ్ ఆ మరుసటేడు ఆగిపోయాయి. ఎల్‌వర్త్‌లో ఫోడెన్ ఫ్యాక్టరీ ఉన్నచోట ఇళ్లు లేచాయి. ఫ్యాక్టరీ పేరు పెట్టుకున్న బ్యాండు మేళం మాత్రం ఇంకా పోటీల్లో వాయిస్తోంది.

మేం ఫ్యాక్టరీ కోసం ఆ కొత్త ఇళ్ల మధ్య పావుగంట తిరిగాం. ఒకే రంగు తలుపులు, ఒకే రకం గడ్డి. ఒకాయన కిటికీ తెర తొలగించి మమ్మల్నే చూస్తున్నాడని తెలిశాక వచ్చేశాం.

పక్కనే కాంగిల్టన్. తెర లారీ పుట్టింది అక్కడ. పక్కలకి తెరలా జరిగే పట్టా ఉండే ట్రైలరుని 1969లో అక్కడి బోయలాయ్ కంపెనీ గెరాల్డ్ బ్రాడ్‌బెంట్ చేశాడు. తెర లాగు, బకిల్ బిగించు, పద. అంతకుముందు లోడు మీద పట్టా కప్పి మోకులతో కట్టడానికి ఎంతసేపు పట్టేదో బాబాయిని అడగండి, వానలో అయితే ఇంకా చెప్తాడు.

మే 25, శనివారం: ఊరి బయట ఓ పొలం

తమ్ముడి ఆఫీసులో ఎవరో చెప్తే వెళ్లాం. పాత లారీలున్నవాళ్లు పాతిక ముప్పై మంది ఓ రైతు పొలంలో చేరారు. బురద. నా బూట్లు అక్కడే చచ్చాయి. డబ్బాలో ఐదు పౌండ్లు వేస్తే లోపలికి వదిలారు. బేకన్ వేగుతున్న వాసన, ఎక్కడో ఫోడెన్ టూ-స్ట్రోక్ ఇంజను ఊళ పెడుతోంది. ముందు పెద్ద 'ఏ' అక్షరం ఉన్న ఆట్కిన్సన్ ఒకటి. అది మా తమ్ముడి ఊరు ప్రెస్టన్ పక్కన తయారైందే.

తలుపుల మీద పెయింటరు చేత్తో రాసిన అక్షరాలు, బంగారు గీతలు, నీడలు. మన లారీల మీదలా కమలాలూ గద్దలూ లేవు గానీ పనితనం మాత్రం ఆ జాతిదే. ఒక ఎర్ర లారీ మీద బ్రిటిష్ రోడ్ సర్వీసెస్ అని ఉంది. 1948 నుంచి సర్కారు దూరపు లారీ కంపెనీలని కలిపేసుకుంది, మిగిలిన ప్రైవేటు వాళ్లు 25 మైళ్లు దాటి కిరాయికి పోకూడదంది. ప్రభుత్వం మారాక 1953లో తిరిగి అమ్మడం మొదలెట్టింది. "మన దగ్గర బస్సుల్నే తీసుకున్నారు. లారీ జోలికొస్తే మీ నాన్న ఊరుకునేవాడా?" అన్నాడు బాబాయి.

పొలం చివర, కంచె పక్కన, ఆకుపచ్చ రంగులో కామెట్. ఎన్నూరుది కాదు, ఇక్కడిదే. ముక్కు ముందుకొచ్చి, రెండు దీపాలు కళ్లలా. బాబాయి నడక ఆపేశాడు. తర్వాత అల్లంత దూరం నుంచే తప్పులు పట్టడం మొదలెట్టాడు. తొట్టి లేదేంటి? పక్కలకి చెక్కలు లేకపోతే బస్తాలు ఆగుతాయా? నిజమే, ఇక్కడి పాత లారీలకి చదునైన బల్లే ఉంటుంది. లోడుని నిలబెట్టేది పట్టా, మోకు, ముడి. అంతే.

ఓనరు ఎనభై దాటినవాడు. బాబాయి డ్రైవరని చెప్పగానే మాట్లాడకుండా లోపలికెళ్లి జనపనార మోకు తెచ్చి చేతికిచ్చాడు. కట్టమని సైగ. బల్ల మీద ఖాళీ పెట్టెలు పేర్చి ఉన్నాయి. బాబాయి మోకు అటు విసిరి, ఇటు అందుకుని, ఉచ్చు వేసి, కాలు చక్రానికి తన్ని లాగి, ముడి వేశాడు. ముసలాయన చూసి తల అడ్డంగా ఊపాడు. ముడి విప్పేసి తన పద్ధతి చూపించాడు. డాలీ నాట్ అంటారు. తాడుని మెలిపెట్టి మెడలో మెడ దూర్చినట్టు రెండు ఉచ్చులు, కింద కొక్కేనికి తగిలించి కిందికి లాగుడు. ఈసారి బాబాయి తల ఊపాడు, అడ్డంగానే.

"జారిపోద్దిరా ఇది. చెప్పు ఆయనకి."

చెప్పాను. జారదు, లివర్‌పూల్ రేవు నుంచి గ్లాస్గో దాకా ముప్పై ఏళ్లు జారలేదన్నాడు ఆయన. మరి తడ చెక్‌పోస్టు దగ్గర పోలీసోడు పట్టా విప్పమంటే, ఒంటి చేత్తో విప్పి మళ్లీ కట్టాలి కదా అన్నాడు బాబాయి. ఆ మాట తర్జుమా చెయ్యడానికి నాకు పది నిమిషాలు పట్టింది. పోలీసు ఎందుకు విప్పమంటాడని ఆయన అడిగాడు. దానికి ఇంకో పది నిమిషాలు. వాదన తేలలేదు. పెట్టెలకి ఓ పక్క ఆయన ముడి, ఓ పక్క బాబాయి ముడి ఉంచేసి, పెద్ద మగ్గుల్లో చిక్కటి టీ తాగారు ఇద్దరూ, బానెట్‌కి చెరో వైపు ఆనుకుని.

పోయేముందు క్యాబిన్లోకి ఎక్కించాడు. బాబాయి స్టీరింగు మీద చేతులు పెట్టలేదు. ఎడమవైపు, క్లీనరు సీట్లో కూర్చున్నాడు. ఎందుకని అడిగితే "మీ నాన్న సీటు కదా అది" అన్నాడు.

రాత్రి పిన్నికి వీడియో కాల్. లారీ ఫోటోలు, టీబే బిల్లు, ముడి గొడవ అన్నీ చెప్పి, చివర్లో గొంతు తగ్గించి, కామెట్ అంటే తోకచుక్క అని కూడా చెప్పేశాడు. అటు నుంచి కాసేపు చప్పుడు లేదు.

"చెప్పానా?" అంది పిన్ని. "ఏటా దసరా ముందే ఇంజను పనికొచ్చేది. చీరల డబ్బంతా దానికే పోసేవాళ్లు. నేను అప్పుడే అన్నాను ఆ బండి మంచిది కాదని."